బురద దాచిన ఎర్రమాను

థోమ్ ముసలమ్మ ఇంట్లో ప్రతి పూటా ఒక గిన్నెడు అన్నం మిగులుతుంది. మిగలడం కాదు, ఆవిడే మిగులుస్తుంది. కుండ దించగానే మొదటి గరిటె నీలం అంచు గిన్నెలో పడాల్సిందే. దానిమీద మూత పెట్టి, మూత మీద తినే పుల్లలు రెండూ అడ్డంగా పడుకోబెట్టి, పొయ్యి పక్కన వెచ్చటి మూల పెడుతుంది. అది ఆవిడ మొగుడు విన్ వాటా. విన్ బొగ్గు పడవ వేసుకుని నం కాన్ సంతకి వెళ్ళినప్పుడు కూతురు లాయ్‌కి పాలపళ్ళు ఇంకా ఊడలేదు. ఇప్పుడు లాయ్ పెట్టుకునేవి కట్టుడుపళ్ళు. గిన్నె మాత్రం పొయ్యి పక్కనే ఉంది.

సముద్రంలోకి పొడుచుకొచ్చిన కా మావ్ ముక్కు చివర ఉన్న ఆ మడ అడవుల ఊళ్ళలో పోయినవాళ్ళకి అన్నం పెద్దల పీఠం మీద పెడతారు. అగరువత్తి వెలిగించి, పుల్లలు అన్నంలో నిలువుగా గుచ్చి, పేరు పెట్టి పిలుస్తారు. బతికున్నవాళ్ళకైతే వంటింట్లోనే, మూత పెట్టి, పుల్లలు అడ్డంగా పెడతారు. లాయ్‌కి ఈ తేడా ఎలా తెలిసిందంటే, చిన్నప్పుడు ఆటలో నాన్న గిన్నెలో పుల్లలు నిలబెట్టింది. అమ్మ చెంప ఛెళ్ళుమనిపించింది. జన్మలో థోమ్ కూతురి మీద చెయ్యి చేసుకున్నది ఆ ఒక్కసారే.

ఊరు ఊరుకుంటుందా? "వదినా, ఇంకెక్కడి విన్? ఓ తేదీ అనుకుని తద్దినం పెట్టు. తద్దినం లేనివాడు ఆకలితో పాయల వెంబడి తిరుగుతాడు, పాపం" అని చెవిన ఇల్లు కట్టుకుని పోరారు. థోమ్ దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

"వెళ్తూ ఏమన్నాడు? 'మానుని నువ్వు కదపొద్దు, నేనొచ్చాక ఇద్దరం కలిసి లాగుదాం' అన్నాడు. మాను పైకొచ్చిందా? రాలేదు. అంటే ఆయన రావాల్సి ఉంది. ఇక నోరు మూసుకుని టీ తాగు."

మాను సంగతి ఊరందరికీ తెలుసు. ఆ వైపు ముందుచూపున్న మనిషి తన శవపేటికకి కట్టె తానే చూసుకుంటాడు. పచ్చిమానుని ఒడ్డున బురదలో పూడ్చిపెడితే పురుగు పట్టదు, పగలదు, కావలసినప్పుడు తీసుకోవచ్చు. విన్‌కి అడవిలో ఒక పెద్ద సూ చెట్టు దొరికింది. అంత లావు సూ చెట్టు దొరకడమే అదృష్టం, దాని కట్టె రక్తంలా ఎర్రగా ఉంటుంది. నిలువునా రెండు బద్దలుగా కోశాడు. ఒకటి తనకి, ఒకటి పెళ్ళానికి. కోసిన ముఖాలు రెండూ కలిపి తాడుతో కట్టి పాతిపెట్టాడు. "మీసం సరిగ్గా రాలేదు, అప్పుడే పాడె కట్టె దాచుకుంటున్నావేంట్రా!" అని నేస్తాలు పడీపడీ నవ్వారు. "మంచి మాను మన వయసు చూసి దొరుకుతుందా?" అన్నాడట విన్.

విన్ వెళ్ళిన మరుసటి ఏడాది యుద్ధ విమానాలు వచ్చాయి. వాటి తోకల్లోంచి పొగమంచులాంటిది దిగింది. అడవి ఆకు రాల్చింది. మళ్ళీ చిగిర్చలేదు. మడచెట్టు ఉప్పునీళ్ళు తాగి బతుకుతుంది, తుఫానుకి ఎదురు నిలుస్తుంది. అలాంటి చెట్టుకి చావుంటుందని ఆ ఊళ్ళో ఎవరూ కలలో కూడా అనుకోలేదు. కొన్నాళ్ళు మోళ్ళు నిలబడ్డాయి, తర్వాత అవీ పడిపోయాయి. ఊరి నుంచి సముద్రం దాకా బూడిద రంగు బురద ఒక్కటే మిగిలింది. పీత లేదు, పిట్ట లేదు, తల దాచుకునే నీడ లేదు. బొగ్గు బట్టీలు చల్లారిపోయాయి. లాయ్ చిన్నతనమంతా ఆ బూడిద రంగులోనే గడిచింది. ఆకలి రంగేమిటని ఆమెని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పేది.

మాను చోటుకి విన్ గుర్తు పెట్టుకున్న చెట్లన్నీ ఆ దెబ్బకి పోయాయి. మిగిలింది థోమ్ నోటి గుర్తు ఒక్కటే. "పెద్దవంపు దగ్గర, పాయ ఒడ్డున, నడుం లోతున."

యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకి ఊళ్ళో వయసు పిల్లలంతా అడవి నాటడానికి దిగారు. పడవల నిండా ఉప్పుపొన్న మడచెట్టు కాయలు వచ్చాయి. మునక్కాయంత పొడుగు, కింద మొన. బురదలో గుచ్చుకుంటూ పోవడమే పని. ఆ పనిలోనే లాయ్‌కి తేవ్ కనిపించాడు. కనిపించడమేమిటి, కళ్ళలో పొడుచుకున్నాడు. పొరుగూరి నుంచి వచ్చిన ఈ మహానుభావుడు పెద్దవంపు దగ్గర ఒక పొడుగాటి వరసంతా కాయలు తలకిందులుగా నాటేశాడు.

"ఏవయ్యోయ్! చెట్టు కాళ్ళు ఆకాశంలోకి పెంచుదామనా?" అని అరిచింది లాయ్.

తేవ్ నడుం మీద చేతులు పెట్టుకుని వరసంతా చూశాడు. "తప్పే. నువ్వొచ్చి సరిచెయ్యరాదూ? ఇదొక్కటే కాదు, నా పనులన్నీ ఇలాగే ఉంటాయి. జీవితాంతం సరిచేద్దువుగాని."

అలా అయింది వాళ్ళ పెళ్ళి. ఆ వరస మాత్రం మొలవలేదు. చుట్టూ అడవి లేచింది, అక్కడ సందు మిగిలిపోయింది. లాయ్ ఆ సందు చూపించి మొగుణ్ణి తిట్టని ఏడాది లేదు.

ఇక మాను వెతకడం. ఏటా పాటు బాగా తీసే రోజుల్లో, పాయ అడుగు కనిపించే వేళ, లాయ్ ఒక ఇనుపచువ్వ పట్టుకుని పెద్దవంపు ఒడ్డంట పొడుచుకుంటూ పోయేది. ఠక్కుమంటే తవ్వేది. లంగరు ముక్క దొరికింది. మునిగిన పడవ పక్కటెముక దొరికింది. ఎవరి ఇంటిదో ఉప్పుజాడీ దొరికింది. మాను దొరకలేదు.

"మీ నాన్న దాచింది మాను కాదే. నాతో కాపురం తప్పించుకునే పని దాచిపెట్టిపోయాడు నీకు" అనేవాడు తేవ్. అంటూనే పార పట్టుకుని వెనకాలే వచ్చేవాడు. ఆ మాట కూడా చెప్పాలి.

ఇంటికొస్తే అమ్మ. "దొరికిందా?"

"లేదమ్మా. నడుం లోతన్నావు, నిలువు లోతు చూశాను."

"ఎవరి నడుం చూశావు? నీది రొయ్యపిల్ల నడుం. ఆయనది నిలువెత్తు మనిషి నడుం. ఒడ్డున చూశావా?"

"ఒడ్డునే చూశాను!"

"అయితే అక్కడే ఉంటుంది. కాళ్ళొచ్చి నడిచిపోదుగా!"

లాయ్‌కి చావు భయం లేదు. అమ్మ చచ్చిపోతుందన్న భయం కూడా కాదు, ఎనభై దాటి ఎన్నాళ్ళో అయిన మనిషి ఏదో రోజు పోక తప్పదు. ఆమె గుండెల్లో రాయి వేరే ఉంది. ఆ గిన్నె పొయ్యి పక్కన ఉండగానే అమ్మ కన్ను మూస్తే నాన్న గతేమిటి? పెళ్ళాం ఒప్పుకోని చావుకి కూతురు తద్దినం ఎలా పెడుతుంది? పీఠం మీద తాత ఉన్నాడు, నానమ్మ ఉంది. నాన్న చోటు ఖాళీ. అమ్మ చేత్తో ఒక్కసారి ఆ పుల్లలు నిలబడాలి. అంతవరకూ నాన్న ఏ పాయ వెంబడి ఆకలితో తిరుగుతున్నాడో! వర్షాకాలంలో ఈదురుగాలికి వెదురు తలుపు కదిలితే ఇప్పటికీ ఆమె లేచి వెళ్ళి బయటికి తొంగిచూసేది.

అలాంటి రోజుల్లో వచ్చింది దియెప్. కాన్ థో కాలేజీ నుంచి వచ్చిన పిల్ల. జుట్టు పైకి ముడేసుకుని, మనిషంత పొడుగు ఇనుప గొట్టం ఒకటి భుజాన వేసుకుని దిగింది. అడవి దారులు తెలిసిన మనిషి, పడవ కావాలంది. లాయ్ ఒప్పుకుంది. ఏం పనని అడిగితే, బురద లోతు, బురదలో ఏముందో చూడటం అంది.

ఊరు నవ్వింది. తేవ్ అయితే మరీ. "బురదకి ఇంత దూరం రావాలా అమ్మాయ్? మా ఇంట్లో కాళ్ళు కడుక్కునే తొట్టి దగ్గర తవ్వుకో, ఈవిడ కాపరానికొచ్చినప్పటి నుంచీ పేరుకున్నది ఉంది."

"దాన్నీ కొలుస్తాను బాబాయ్, ముందు అడవి కానివ్వండి" అంది దియెప్, నవ్వకుండా. అప్పుడే నచ్చింది లాయ్‌కి ఆ పిల్ల.

పెద్దవంపు దగ్గర పడవ కట్టేసి, ఉప్పుపొన్న వేళ్ళ మీద నుంచి దాటుకుంటూ ఇద్దరూ లోపలికి వెళ్ళారు. ఆ చెట్లు లాయ్ చేత్తో నాటినవే. ఇప్పుడు తలెత్తితే కొసలు కనిపించవు. దియెప్ గొట్టాన్ని బురదలో గుచ్చింది. ఇద్దరూ మీద పడి నొక్కారు. తిప్పి పైకి లాగారు. గొట్టం ఒక పక్క తెరుచుకునేలా ఉంది. తెరిచి వెంట తెచ్చిన చెక్క మీద పడుకోబెట్టింది దియెప్. కుళ్ళిన గుడ్డు వాసన గుప్పుమంది.

"చూడు పిన్నీ, పైనుంచి చూడు."

లాయ్ వంగి చూసింది. పైన గోధుమ రంగు, సన్న వేళ్ళు అల్లుకుని ఉన్నాయి. "ఇవి నువ్వు నాటిన చెట్ల వేళ్ళు" అంది దియెప్. దాని కింద రంగు మారింది. బూడిద రంగు. వేరు లేదు, ఆకు లేదు, ఒట్టి మన్ను. దాని కింద మళ్ళీ నల్లగా, చిక్కగా, బొటనవేలంత లావు వేళ్ళు.

దియెప్ చెప్పబోయేలోపే లాయ్ వేలు బూడిద రంగు మీద ఆగింది. తెలిసిపోయింది. ఈ రంగుని ఆమె ఎక్కడైనా గుర్తుపడుతుంది. పీతల్లేని ఏళ్ళు. ఎండలో అమ్మ కొంగు కింద దూరిన ఏళ్ళు. అరచేయంత మందాన అక్కడ చదునుగా పడుకుని ఉన్నాయి. ఎవరూ రాసిపెట్టమనలేదు, ఎవరూ చూడలేదు. బురద మాత్రం మరిచిపోలేదు.

"ఓలమ్మో! ఇది నా చిన్నతనం" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే రెండు చేతులకీ బురదే.

గొట్టానికి అతుకు వేసి ఇంకా కిందికి దించారు. ఇంకా. ప్రతిసారీ నల్లటి మన్ను, వేళ్ళు, తునకలు. ఒక లోతున గొట్టం తెరిచేసరికి మన్ను మధ్య ఆకు ముక్క ఒకటి మెరిసింది. నిన్న రాలినట్టు పసుప్పచ్చగా ఉంది, ఈనెలు కూడా కనిపిస్తున్నాయి. లాయ్ ముట్టుకోబోతుంటే దియెప్ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆగు, చూడు." చూస్తుండగానే గాలి తగిలి ఆకు గోధుమ రంగయింది, తర్వాత నల్లబడింది. మాడిన రొట్టెముక్కలా ముడుచుకుంది.

"ఈ ఆకు రాలి ఎంత కాలమై ఉంటుంది?"

"ఇంత లోతున దొరికింది కాబట్టి వందల ఏళ్ళే అయ్యుంటుంది. కచ్చితంగా చెప్పాలంటే పరీక్ష చెయ్యాలి."

"వందల ఏళ్ళు పచ్చగా ఉన్నది, మనం చూసేసరికి పోయిందా!"

"గాలి తగిలింది కదా." దియెప్ కూలబడి నుదురు తుడుచుకుంది. "చెట్టు గాలిలోంచి బొగ్గుని లాక్కుంటుంది పిన్నీ. మనం వదిలే ఊపిరిలో ఉంటుంది, లాంచీ పొగలో ఉంటుంది, కంటికి కనపడదు. దాన్నే ఆకు చేసుకుంటుంది, వేరు చేసుకుంటుంది. కొండమీది చెట్టయితే ఆకు రాలుతుంది, కుళ్ళుతుంది, ఆ బొగ్గులో చాలామటుకు మళ్ళీ గాలిలోకే పోతుంది. ఇక్కడ ఆకు బురదలో పడుతుంది. పోటు వచ్చినప్పుడల్లా మీద ఒండ్రు కప్పుతుంది. ఈ వేళ్ళు ఉన్నాయే, వచ్చిన ఒండ్రుని వచ్చినట్టే పట్టేస్తాయి. ఇక లోపలికి గాలి పోదు. గాలి లేకపోతే కుళ్ళబెట్టే పురుగుకి పని సాగదు."

లాయ్ బొగ్గు బట్టీ దగ్గర పుట్టిన మనిషి. "మా బట్టీ నోరు మట్టితో మెత్తేసినట్టా? గాలి దూరితే కట్టె బూడిదవుతుంది. దూరకపోతే బొగ్గుగా నిలుస్తుంది."

"ఇక్కడ నిప్పు లేదు గానీ, మూత పెట్టడం అలాంటిదే! ఆ మూత తీశామా, ఇందాకటి ఆకు గతే. మీ ఇంటి వెనక రొయ్యల చెరువు ఉంది కదా, దాని గట్టు ఏటా ఎందుకు కుంగుతోందనుకున్నారు? లోపలి బురద తవ్వి ఎండలో పోశారు. అందులో దాగున్నది నెమ్మదిగా ఆకాశంలోకి పోతోంది."

ఏటా తేవ్ తిట్టుకుంటూ గట్టు ఎత్తు చెయ్యడం, ఏటా అది దిగిపోవడం, నాసిరకం మట్టని ఇద్దరూ తిట్టడం లాయ్‌కి గుర్తొచ్చాయి.

"పైన నిలబడ్డ చెట్లన్నిట్లో ఉన్నదానికంటే ఈ బురదలో ఉన్నదే ఎక్కువ పిన్నీ. చాలా ఎక్కువ."

పుట్టిన దగ్గర్నుంచీ ఆ బురద తొక్కుతూ తిరిగిన మనిషి, ఆ మాట విన్నాక లేచి అడుగు వేయడానికి ఒక్క క్షణం జంకింది. పెద్దలు పడుకున్న గదిలోకి వెళ్ళేటప్పుడు నడిచినట్టు నడిచింది. కాలి కింద పీత ఒకటి ఆకు ముక్కని బొరియలోకి లాక్కుపోతుంటే, దానికి దారి ఇచ్చి నిలబడింది.

తిరిగి వచ్చి పడవెక్కి గెడ అందుకుంటుంటే ఆమెకి ఒక మాట తట్టింది. మామూలుగానే అడిగింది.

"అమ్మాయ్, అడుగున ఉన్న ఆ లావు వేళ్ళు, అదే పాత అడవి, పాయ దాకా ఉంటుందా?"

"లేదు. నిన్న నేనొక్కదాన్నే ఒడ్డున తీసిన దాన్లో అడుగు దాకా వేరే లేదు, ఉత్త ఒండ్రే. అంటే ఆ రోజుల్లో అక్కడ అడవి లేదు. నీళ్ళు ఉండేవి."

లాయ్ చేతిలో గెడ జారి నీళ్ళలో పడింది. "మరి... అప్పటి ఒడ్డు?"

"లావు వేళ్ళు ఎక్కడ ఆగిపోతే అక్కడ. మీరు నాటిన అడవి ఒండ్రుని పట్టి నేలని ముందుకి..." దియెప్ మాట ఆపేసింది. లాయ్ ముఖం చూసి భయపడింది. "ఏమైంది పిన్నీ?"

ఏమైందా! పడవ మీద పుట్టి పడవ మీద పెరిగిన జాతి. వాళ్ళకి ఒడ్డంటే నీళ్ళ అంచు. ఇంకో అర్థం లేదు. నీళ్ళ అంచు ఎక్కడుంటే ఒడ్డు అక్కడే. జీవితమంతా ఆ అంచునే పొడిచింది, తవ్వింది. మానుకి కాళ్ళు రాలేదు, నిజమే. ఒడ్డుకి వచ్చాయి! తన చేత్తో నాటిన అడవే ఒక్కో పోటుకీ ఒక్కో పొర ఒండ్రు పట్టుకుంటూ, ఒడ్డుని నాన్న మాను మీద నుంచి దాటించి తీసుకుపోయింది. లాయ్ పడవ అంచు మీద కూర్చుని ఏడ్చింది, నవ్వింది, తల బాదుకుంది. ఆ తర్వాత దియెప్‌కి మొత్తం చెప్పింది.

దియెప్ తన పని పక్కన పెట్టింది. మర్నాడు అడవి లోపలి నుంచి పాయ వైపు వరసగా గొట్టం దించుకుంటూ వచ్చారు. ఇక్కడ నల్లవేళ్ళు ఉన్నాయి. ఇక్కడా ఉన్నాయి. ఇక్కడ పలచబడ్డాయి. ఇక్కడ లేవు. పాత ఒడ్డు దొరికింది, పాయ కనిపించనంత లోపల. ఎక్కడో కాదు, తేవ్ తలకిందుల వరస సందులో! చెట్టు లేకపోవడంతో పోటు నీళ్ళు ఆ సందులోంచే దారి చేసుకుని చిన్న కాలవ పడింది. దాని వెంబడే బూడిద పొర కిందికి, అక్కడి నుంచి నడుం లోతుకి గొట్టం దించుకుంటూ పోయారు. రోజులు పట్టింది. ఒక పొద్దుట గొట్టం ఆగిపోయింది. తిప్పి లాగితే దాని కొసన రంపంలాంటి పళ్ళ మధ్య చిన్న చెక్కపేడు ఇరుక్కుని వచ్చింది. తమలపాకు నమిలిన నోరంత ఎర్రగా ఉంది.

తేవ్ ఆ పేడుని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. జోకు వెయ్యలేదు. ఆ మనిషి జోకు వెయ్యకపోవడం లాయ్ చూడటం అదే మొదలు. చివరికి అన్నాడు, "నేను సరిగ్గా నాటి ఉంటే ఇక్కడ తవ్వడానికి చోటే ఉండేది కాదు. ఇన్నేళ్ళు తిట్టావు."

"ఇంకా తిడతాను. ముందు పార పట్టు."

ఇరుగుపొరుగు వచ్చారు. పాటు తీసినప్పుడు తవ్వడం, పోటు వచ్చి పూడ్చడం, మళ్ళీ తవ్వడం. గోడలు కూలకుండా చుట్టూ పలకలు దిగ్గొట్టారు. మాను వీపు నల్లగా బయటపడ్డ రోజున లాయ్ ఇంటికి పరిగెత్తింది. థోమ్ పొయ్యి ముందు కూర్చుని ఉంది. చూపు మసకబారి చాన్నాళ్ళయింది, అడుగుల చప్పుడుతోనే మనుషుల్ని పోల్చుకుంటుంది.

"అమ్మా. దొరికింది."

ముసలమ్మ చేతిలో గరిటె ఆగింది. అన్నం మాడు వాసన వచ్చేదాకా అలాగే ఉంది. తర్వాత నీలం అంచు గిన్నె తీసింది. మొదటి గరిటె వడ్డించింది. ఉప్పులో ఊరిన పీత ఒకటి పక్కన పెట్టి, మూత వేసి, పుల్లలు అడ్డంగా పెట్టి, గుడ్డలో మూటకట్టింది.

"నన్ను తీసుకెళ్ళు. నేనొచ్చేదాకా ఎవరూ తాడు ముట్టుకోకూడదని చెప్పు."

పోటు మీద పడవ ఆ చిన్న కాలవలోంచి లోపలికి వెళ్ళింది. ముసలమ్మ పడవ మధ్యలో, ఒళ్ళో మూటతో కూర్చుంది. నీళ్ళు తీసేశాయి. పడవ బురద మీద కూర్చుండిపోయింది. మళ్ళీ పోటు వచ్చేదాకా కదిలేది లేదు. "పర్లేదు, నాకు ఎదురుచూడటం అలవాటే" అంది థోమ్. గుంటలోంచి మాను కొస పైకెత్తి పడవ అంచుకి ఆనించారు. కొబ్బరిపీచు తాడు నల్లబడింది గానీ తెగలేదు. ముడి ముడిలాగే ఉంది.

థోమ్ చెయ్యి చాచింది. వేళ్ళు తాడు మీద పాకి, ముడి దగ్గర ఆగాయి. ఒక మెలిక తడిమింది. ఇంకో మెలిక.

"ఎడంచెయ్యి వాటం" అంది. "చూశావుటే? మీ నాన్న మెలిక ఎడం నుంచి తిప్పి కిందికి లాగుతాడు. ఊళ్ళో ఎవడికీ వచ్చేది కాదు విప్పడం. రోజూ సాయంత్రం పడవ తాడు నేనే విప్పి చచ్చేదాన్ని. నీ ముడికో దణ్ణం నాయనా అంటే నవ్వేవాడు."

లాయ్ వంగి ఆ ముడిని చూసింది. నాన్న ముఖం ఆమెకి గుర్తులేదు. ఒక్క ఫోటో కూడా లేదు. ఆ ముడి మాత్రం ఉంది, వేళ్ళు ఇప్పుడే వదిలినట్టు, ఆ వేళ్ళు లాగిన వైపుకే బిగిసి ఉంది.

"అమ్మా, కత్తి తేనా?"

"కత్తెందుకు? ఆయన కట్టింది నేను విప్పలేనా?"

కూర్చుని విప్పింది. ఎంతసేపు పట్టిందో ఎవరూ చూడలేదు. తాడు వదులైంది. తేవ్ గెడ దూర్చి రెండు బద్దలూ విడదీశాడు. లోపలి ముఖాలు నిన్న కోసినంత ఎర్రగా ఉన్నాయి. రంపం పళ్ళ గీతలు కూడా పోలేదు. పచ్చికట్టె వాసన అడవంతా నిండింది. దియెప్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రోజూ బురద చదివే పిల్లే, ఆమె కూడా ఇలాంటిది చూడలేదు.

థోమ్ ఒంగి ఆ ఎరుపు మీద చెంప ఆనించింది. వాసన చూసింది. గీతల వెంబడి వేళ్ళు నడిపింది. లేచి కూర్చున్నాక ఆమె అన్న మాట లాయ్ బతికున్నన్నాళ్ళూ మరిచిపోలేదు.

"ఇంత జాగ్రత్తగా దాచుకున్నవాడు, బతికుంటే తీసుకోవడానికి రాకుండా ఉంటాడా?"

ఎక్కడో బురదలో పీత టక్కుమంది.

"నా సగం తీసుకెళ్ళి ఎండబెట్టండి. ఆయన సగం ఉన్నచోటే పెట్టి కప్పెయ్యండి. శరీరం దొరకలేదు. ఇదే ఆయన." దియెప్ ఉన్న వైపు తల తిప్పింది. "ఏమ్మాయ్, బాగుంటుందా అక్కడ?"

"కప్పి ఉంచితే, మీ మునిమనవల మునిమనవలు వచ్చి తీసినా ఇలాగే ఉంటుంది బామ్మా."

"ఎవరూ తియ్యక్కర్లేదు. ఉండనీ."

మగవాళ్ళు విన్ సగాన్ని గుంటలోకి దించారు. లాయ్ మొదటి దోసెడు బురద వేసింది. ఆ బురదలో ఆమె నాటిన చెట్ల ఆకులున్నాయి, బూడిద రంగు ఏళ్ళున్నాయి, అంతకు ముందటి అడవి ఉంది. అన్నీ కలిపి వేసింది. పోటు చిన్నగా కాలవలోకి పాకి గుంట అంచుని తడిపింది.

థోమ్ ఒళ్ళో మూట విప్పింది. మూత తీసింది. గుడ్డ మూటలో, ఆవిడ ఒళ్ళో ఉన్నందుకు అన్నం ఇంకా కొంచెం వెచ్చగానే ఉంది. లాయ్‌ని చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని, ఎప్పుడో చిన్నప్పుడు కొట్టిన చెంపని అరచేత్తో ఒకసారి నిమిరింది. తర్వాత తడుముకుంటూ పుల్లలు రెండూ తీసుకుని, గిన్నె మధ్యలో నిలువుగా గుచ్చి, పడవ అంచు మీద పెట్టింది.

"రావయ్యా" అని పిలిచింది. "అన్నం చల్లారిపోతోంది."